కోడెదూడకు విత్తులు కొట్టించుటకు తగిన వయస్సు

పల్లెటూరి రైతు తన దొడ్డిలో పెరుగుచున్న కోడెదూడను చూచి వేసికొను మొదటి ప్రశ్న "ఇది కాడికి పనికివచ్చునా?" అనునది. రెండవ ప్రశ్న "దీనికి విత్తులు ఎప్పుడు కొట్టింపవలెను?" అనునది. మొదటి ప్రశ్నకు సమాధానము దూడ ఒడ్డుపొడుగులలోను, కాళ్ల నిలుకడలోను కనిపించును. రెండవ ప్రశ్నకు సమాధానము మాత్రము ఇంటికొక విధముగా వినిపించుచుండును. రెండు పళ్లు వేసిన పిమ్మట అని ఒకరు, మూపురము నిండిన పిమ్మట అని వేరొకరు, కాడి కట్టబోవు ముందు అని మరియొకరు చెప్పుదురు. ఎవరి మాటలోను పూర్తిగా అసత్యము లేదు. అయినను ఈ మాటలన్నిటిలోను ఒక లోపము కలదు. వీరందరును తమ దూడను మాత్రమే చూచుచున్నారు. ఆ దూడతో కలిసి మేయుచున్న ఊరి ఆవులను చూచుట లేదు.

ఈ కారణముచేతనే ఇది ఒక్క రైతు నిర్ణయమునకు విడిచిపెట్టదగిన విషయము కాదు. రైతు ఆలస్యము చేసిన ఫలితము అతని దొడ్డిలోనే ఆగిపోదు. ఊరిలోని పాడి మీదను, రాబోవు పది పన్నెండు సంవత్సరముల పశుసంతతి మీదను దాని ప్రభావము పడును. 1992లో జరిగిన 73వ రాజ్యాంగ సవరణ వలన ఏర్పడిన పదునొకండవ షెడ్యూలులో, పంచాయతీలకు అప్పగింపదగిన విషయములలో నాల్గవదిగా పశుసంవర్ధనము, పాడి, కోళ్ల పెంపకము పేర్కొనబడినవి. కావున కోడెదూడల విషయము పంచాయతీ సభ్యులు తెలిసికొని, ఆలోచించి, ఊరివారికి చెప్పవలసిన విషయములలో ఒకటి.

విత్తులు కొట్టించుట ఎందులకు?

ఇందులకు రెండు ప్రయోజనములు కలవు. మొదటిది, పశువు సాధువగుట. కోడె పెరిగిన కొలదియు పొగరు హెచ్చును. తోటి కోడెలతో కుమ్ములాడును, కట్టు త్రెంచుకొని ఎదకు వచ్చిన ఆవుల వెంట తిరుగును, చేలలో పడును. పిల్లలు, స్త్రీలు, వృద్ధులు దాని దగ్గరకు పోజాలరు. విత్తులు కొట్టిన పశువు నెమ్మదించి, కాడికిని, బండికిని ఒదిగి పనిచేయును.

రెండవది, జాతిని కాపాడుట. ఊరిలో పుట్టిన ప్రతి కోడెదూడయు ఆబోతు కాదగినది కాదు. పది కోడెలలో ఒకదానియందైనను ఆబోతునకు ఉండవలసిన లక్షణములన్నియు కుదురుట అరుదు. తక్కిన వానిని ఎడ్లుగా చేసికొని, మేలైన దానిని మాత్రము సంతానమునకు ఉంచుకొనుటయే పశువుల పెంపకమునకు పునాది. ఈ రెండు ప్రయోజనములలో రైతునకు మొదటిది స్పష్టముగా కనిపించును. రెండవది కంటికి కనిపించునప్పటికి నాలుగైదు సంవత్సరములు గడచిపోవును.

శరీరములో జరుగు మార్పు

దూడ వృషణములు రెండు పనులు చేయును. ఒకటి, సంతానోత్పత్తికి కావలసిన వీర్యకణములను తయారుచేయుట. రెండు, మగతనమునకు కారణమగు రసమును రక్తములోనికి విడుచుట. మెడ బలియుట, మూపురము నిండుట, భుజములు విరియుట, రంకె, పొగరు ఇవన్నియు ఆ రసము వలన కలుగునవియే. విత్తులు కొట్టినంతనే ఈ రెండు పనులును నిలిచిపోవును.

ఇందుచేత చాల చిన్న వయస్సున విత్తులు కొట్టిన దూడకు మెడయు మూపురమును తక్కువగా పెరుగును. కాళ్ల యెముకల చివరల పెరుగుదల ఆగవలసిన కాలమున ఆగక మరికొంత సాగుటచే పశువు పొడవు కాళ్లతో, సన్నని మెడతో కనిపించును. మూత్రనాళము సన్నముగా నుండిపోవుట మరియొక విషయము. ఎడ్లకు మూత్రమున రాళ్లు చేరి నాళము పూడుకొనుట పశువైద్యులు తరచుగా చూచు జబ్బు. నాళము సన్ననైన కొలదియు ఆ అపాయము హెచ్చు. కాడి మెడపైన మోయవలసిన ఎద్దునకు మెడబలము అవసరమని, తొందరపడరాదని మన పెద్దలు చెప్పిన మాటకు ఆధారము ఇదియే. ఆ మాట మూఢవిశ్వాసము కాదు.

అయితే అదే రసము రెండవ పనిని కూడ సాగించుచున్నదని మరువరాదు. మెడ బలియుచున్న కోడె తండ్రి కాగల కోడె కూడ అగుచున్నది. చిక్కంతయు ఇక్కడనే యున్నది.

పళ్లు చెప్పు వయస్సు, ఆవు తెలుపు వయస్సు

మన రైతులు పశువు వయస్సును పళ్లను బట్టి కట్టుదురు. పాలపళ్ల కోడె, రెండు పళ్ల కోడె, నాలుగు పళ్ల కోడె, ఆరు పళ్ల కోడె అని వ్యవహరింతురు. కోస్తా జిల్లాలలోను, రాయలసీమలోను జరుగు బండలాగుడు పోటీలలో సైతము ఎడ్ల జతలను ఈ లెక్కప్రకారమే విభాగములుగా చేయుదురు. సంత బేరములకును, పోటీలకును ఇది చక్కని పద్ధతియే.

కాని విత్తులు కొట్టించు వయస్సును నిర్ణయించుటకు పళ్ల లెక్క చాలదు. దేశవాళీ పశువులకు మొదటి జత పాలపళ్లు రాలి, వాని స్థానమున పెద్ద పళ్లు రెండు వచ్చుటకు సుమారు రెండు నుండి రెండున్నర సంవత్సరములు పట్టును. దేశవాళీ కోడె ఒకటిన్నర నుండి రెండు సంవత్సరముల ప్రాంతముననే ఆవును కట్టింపగల శక్తిని పొందును. మంచి మేతతో పెరిగినది ఇంకను ముందే పొందవచ్చును. జెర్సీ, హోల్‌స్టీన్ రక్తము కలిసిన సంకరజాతి కోడెకు ఒక సంవత్సరము ప్రాంతముననే ఆ శక్తి వచ్చును.

అనగా "రెండు పళ్లు వేసిన పిమ్మట చూతములే" అని రైతు అనుకొను దేశవాళీ కోడె, ఆ రెండు పళ్లు కనిపించుటకు ఆరు నెలల ముందు నుండియు మందలో ఆబోతు పని చేయుచుండవచ్చును. సంకరజాతి కోడె విషయమున ఈ ఎడము ఇంకను ఎక్కువ కావచ్చును. పళ్లు చెప్పు వయస్సు నాగలికి సంబంధించినది. ఊరి మందకు సంబంధించిన వయస్సు అంతకు ముందే వచ్చి పోవుచున్నది.

ఆలస్యమునకు ఊరు చెల్లించు వెల

ఒక ఊరిని ఉదాహరణగా తీసికొందము. ఊరుమ్మడి మందలో అరువది ఆవులు, పడ్డలు కలవనుకొందము. ఏ యెన్నికయు లేని ఒక నాటుకోడె, విత్తులు కొట్టింపబడక, ఒకటిన్నర సంవత్సరముల వయస్సు నుండి రెండున్నర సంవత్సరముల వరకు ఆ మందతో తిరిగినది. ఆవు చూలు కట్టనంతకాలము సుమారు ఇరువదియొక్క రోజుల కొకమారు ఎదకు వచ్చును. ఆ సంవత్సరములో ఇరువది ఆవులు ఈ కోడెవలన చూలు కట్టినవనుకొన్నచో, తొమ్మిది నెలల పది రోజుల ప్రాంతమున ఇరువది దూడలు పుట్టును. అందులో సగము పెయ్యలు. ఆ పది పెయ్యలు పెరిగి మొదటి ఈత ఈనుటకు దేశవాళీలో మూడున్నర నుండి నాలుగు సంవత్సరములు పట్టును. అటుపిమ్మట అవి ఎనిమిది పది సంవత్సరములు ఊరి దొడ్లలో నుండును.

ఒక్క కోడె విషయమున చేసిన ఒక్క సంవత్సరపు ఆలస్యము పది ఆవుల రూపమున పది సంవత్సరములకు పైగా ఊరిని అంటిపెట్టుకొని యుండును. వాని పాలు తక్కువ అని రైతు గ్రహించునాటికి ఆ కోడె ఎద్దయి, అమ్ముడై, ఏ ఊరికో పోయియుండును. కారణమెవరికిని గుర్తుండదు.

మరియొక నష్టము కలదు. అదే మందలో ఆ కోడె తల్లియు, తోబుట్టువులును ఉందురు. ఎదురింటి ఆవుతో పాటు తన తల్లిని, చెల్లెండ్రను కూడ అది కట్టించును. దగ్గరి రక్తము కలిసి పుట్టిన దూడలలో బలహీనతయు, లోపములును హెచ్చును. ఎదుగుదల పూర్తికాని పడ్డలు చిన్నతనముననే చూలు కట్టి, ఈనుటకు కష్టపడును. కొన్ని అంటువ్యాధులు మందలోని ఒక ఆవు నుండి వేరొక ఆవునకు ఇట్టి కోడెద్వారానే పాకును.

"సూది వేయించితిని, అయినను నాటుదూడయే పుట్టినది" అను ఫిర్యాదు పశువైద్యశాలలో వినబడు సామాన్యమైన ఫిర్యాదులలో ఒకటి. కృత్రిమ గర్భధారణము చేయించిన ఆవును ఆ దినమే మందకు తోలినచో, అచ్చట తిరుగు కోడె దానిని దాటవచ్చును. ఆ దూడ సూది వలన పుట్టినదో, కోడె వలన పుట్టినదో చెప్పుట కష్టము. రైతునకు సూదిమీద నమ్మకము పోవును. ప్రభుత్వము ఎంతో వ్యయపడి ఊరికి చేర్చిన మేలుజాతి వీర్యము, కట్టు లేని ఒక కోడె వలన వ్యర్థమగును.

దూడలు మూడు తెగలు

అన్ని దూడలకు ఒకే వయస్సు చెప్పుట సరికాదు. ఆ దూడ ఏ పనికి ఉద్దేశింపబడినదో ముందుగా తేల్చుకొని, పిమ్మట వయస్సు నిర్ణయించుకొనవలెను. ఈ దృష్టితో చూచినచో కోడెదూడలు మూడు తెగలుగా విడిపోవును.

మొదటి తెగ: నాగలికిని, సంతానమునకును రెండింటికిని ఉద్దేశింపబడనివి. ట్రాక్టరు వచ్చిన పిమ్మట ఇట్టి దూడల సంఖ్య పెరిగినది. 2019లో జరిగిన 20వ పశుగణనలో దేశమున 19 కోట్ల 25 లక్షల గోజాతి పశువులుండగా, వానిలో ఆవులు, పెయ్యలు 14 కోట్ల 51 లక్షలు. అనగా ప్రతి మూడు ఆడపశువులకు మగది ఒకటి మాత్రమే. మగదూడకు పూర్వపు గిరాకి లేదనుటకు ఇదియే నిదర్శనము. ఈ తెగ దూడలకు మెడబలము అవసరము లేదు కనుక వేచియుండుటకు కారణము లేదు. ఒకటి రెండు నెలలు నిండినది మొదలు ఆరు నెలల లోపల ఆ పని ముగించుట మేలు. లేత వయస్సున నాళము సన్నముగా నుండును. నొప్పియు, వాపును తక్కువ. దూడ త్వరగా కోలుకొనును. చిన్ననాడే విత్తులు కొట్టిన పశువునకు జీవితాంతము సమృద్ధిగా నీరు పట్టుచు, తవుడు వంటి దాణాను మితముగా పెట్టుట మూత్రపు రాళ్ల నుండి కాపాడుటకు సహాయపడును.

రెండవ తెగ: కాడికిని, బండికిని ఉద్దేశింపబడినవి. వీని విషయముననే రైతునకును, ఊరికిని మధ్య కొంత పెనగులాట కలదు. దూడను కట్టుకొయ్యకు కట్టి మేపగలిగి, ఆవుల మందలోనికి పోకుండ చూచుకొనగల రైతు రెండు సంవత్సరముల ప్రాంతము వరకు ఆగవచ్చును. మెడయు మూపురమును తగినంత నిండును. ఊరికి నష్టము లేదు. కాని దూడను ఉమ్మడి మందకు తోలక తప్పని రైతు అంతకాలము ఆగరాదు. అది ఆవుల మీదికి ఎగబ్రాకుట ప్రారంభించుటకు ముందే, అనగా సంవత్సరము నిండిన పిమ్మట రెండు మూడు నెలలలో, విత్తులు నొక్కించుట యుక్తము. ఇందువలన మెడపుష్టి కొంత తగ్గుననుట నిజమే. దాచి చెప్పుటలో ప్రయోజనము లేదు. అయినను ఎద్దు బలమంతయు మూపురములో లేదు. లేతనాటి నుండి పెట్టిన మేత, కాలమునకు వేసిన టీకాలు, నట్టల మందు, ఓర్పుతో నేర్పిన కాడి ఇవి పశువు పనితనమును ఎంతో తీర్చిదిద్దును. మొక్కై వంగనిది మానై వంగదన్నట్లు, త్వరగా సాధువైన కోడెకు పని నేర్పుట కూడ సులభము.

మూడవ తెగ: సంతానమునకు ఉంచదగినవి. వీని విషయమున తొందరపాటు నష్టకరము. విత్తులు కొట్టిన పిమ్మట విచారించినను ప్రయోజనముండదు. తల్లి పాడి ఎంత, తండ్రి యేది, దూడ నెలనెలకు ఎట్లు పెరుగుచున్నది, వృషణములు రెండును సమముగా దిగియున్నవా అను విషయములను పశువైద్యునితో కలిసి పరిశీలించిన పిమ్మటనే నిర్ణయింపవలెను.

మన జాతులు, మన బాధ్యత

ఈ మూడవ తెగను గూర్చి తెలుగు జిల్లాలవారు ప్రత్యేకముగా ఆలోచింపవలెను. ఒంగోలు జాతి ప్రపంచ ప్రసిద్ధము. ఈ జాతి పశువులు సముద్రములు దాటి బ్రెజిలు దేశము చేరి, అచ్చట నెలోర్ అను పేరుతో ఆ దేశపు పశుసంపదకు ఆధారమైనవి. 1960 దశకపు తొలి సంవత్సరములలో మన కరవది గ్రామపు పేరుతో పిలువబడిన ఆబోతు అచ్చటికి పోయి, అనేక మందలకు మూలపురుషుడైనది. మేలైన కోడె ఊరు దాటిపోయి, మిగిలినది ఊరిలో ఆబోతు పని చేయుచున్నచో, పేరు మాత్రము మనకు మిగులును గాని జాతి మిగులదు.

చిత్తూరు సీమయందలి పుంగనూరు జాతి మరియొక ఉదాహరణము. పొట్టి పశువులలో దీనికి గొప్ప పేరు. ఈ జాతిని కాపాడుటకు పలమనేరు పశు పరిశోధన కేంద్రము కృషి చేయుచున్నది. ఇట్టి కొలది సంఖ్యగల జాతిలో పుట్టిన ప్రతి శుద్ధమైన కోడెదూడయు విలువైనదే. "చిన్నది, కాడికి చాలదు" అని వెంటనే విత్తులు కొట్టించుట జాతికి ద్రోహము. అట్లని పొట్టిగానున్న ప్రతి దూడయు పుంగనూరు దూడ కాదు. తల్లిదండ్రుల వివరము తెలియని పొట్టి కోడెను పుంగనూరు ఆబోతుగా వాడుట అంతకంటె పెద్ద పొరపాటు. నల్లమల ప్రాంతపు పొడతూర్పు పశువుల విషయమునను ఇదే జాగ్రత్త పాటింపవలెను.

సంవత్సరము నిండిన దినము

పైన చెప్పిన విషయములను బట్టి పంచాయతీలు గుర్తుంచుకొనదగిన సూత్రమొకటి తేలుచున్నది. విత్తులు కొట్టించు వయస్సు దూడను బట్టి మారవచ్చును. నిర్ణయించు వయస్సు మాత్రము మారరాదు. ఊరిలోని ప్రతి కోడెదూడకు సంవత్సరము నిండులోపల, అది మూడు తెగలలో ఏ తెగకు చెందునో తేలిపోవలెను. పళ్లు వచ్చువరకు ఆగిన నిర్ణయము ఊరికి ఆలస్యముగా వచ్చిన నిర్ణయము.

ఇందులకు దూడ పుట్టిన తేది తెలియవలెను. పశువుల చెవులకు పండ్రెండంకెల పోగులు వేయుచున్న ఈ కాలమున దూడ వివరములను వ్రాయించుట కష్టము కాదు. పంచాయతీ కార్యాలయమున ఒక చిన్న పుస్తకమునందు దూడ పుట్టిన తేది, తల్లి చెవిపోగు సంఖ్య, రైతు పేరు వ్రాసిన చాలును. ఆరు నెలల కొకమారు గాలికుంటు టీకాలు వేయుటకు సిబ్బంది ఇంటింటికి వచ్చినపుడు, ఆ పుస్తకమును చేతబట్టుకొని సంవత్సరము సమీపించిన కోడెలను చూపవచ్చును.

పని జరుగవలసిన విధము

వయస్సు ఎంత ముఖ్యమో, విధానము అంత ముఖ్యము. పూర్వము కోడెను పడవేసి, కాళ్లు కట్టి, రాళ్లతోను, కఱ్ఱలతోను విత్తులను నలగగొట్టెడివారు. మరికొన్నిచోట్ల కత్తితో కోసి తీసెడివారు. పశువు పడిన బాధ చెప్పనలవి కాదు. ఎద్దు పుండు కాకికి ముద్దన్నట్లు, కోసిన గాయముపై ఈగలు ముసిరి పురుగులు పడుటయు, ధనుర్వాతము వచ్చుటయు జరుగుచుండెడివి.

పిమ్మట ఇటలీ దేశపు పశువైద్యుడు బర్డిజో తయారుచేసిన పెద్ద ఇనుప పట్టకారు వాడుకలోనికి వచ్చి, అతని పేరుతోనే ప్రసిద్ధమైనది. ఇది చర్మమును కోయదు. వృషణమునకు రక్తమును తెచ్చు నాళమును చర్మముపై నుండియే నొక్కి నలుపును. రక్తప్రసారము ఆగిపోవుటచే వృషణము కొన్ని వారములలో ఎండి కుంచించుకొనిపోవును. గాయము లేదు కనుక పురుగులు పడు భయము తక్కువ. అయితే ఒక్కొక్క వైపు నాళమును విడివిడిగా నొక్కవలెను. రెండు నొక్కులకు మధ్య చర్మము కొంత నలగక మిగులవలెను. లేనిచో తిత్తి అంతయు కుళ్లిపోవును. నాళము పట్టకారు నుండి జారినచో ఆ వైపు వృషణము బ్రతికియే యుండును. కావున ఇది తెలిసిన చేతులతో జరుగవలసిన పని.

గాయము కనిపించదు గనుక నొప్పి లేదని తలచుట పొరపాటు. నాళమును నలుపుట తీవ్రమైన బాధను కలిగించును. 1960 నాటి జంతు హింసా నివారణ చట్టము, నిర్ణీత విధానమున విత్తులు కొట్టుటను నేరముగా పరిగణింపదు. ఆ విధానము 2023లో వెలువడిన కేంద్ర ప్రభుత్వ నియమములలో వివరింపబడినది. దాని ప్రకారము రిజిస్టరు అయిన పశువైద్యుని ఆధ్వర్యమున, మత్తుమందు ఇచ్చి ఈ పని చేయవలెను. రాతితోను, కఱ్ఱతోను ఊరివారు చేసికొను పద్ధతి ఇప్పుడు క్రూరమైనదే కాక చట్టవిరుద్ధము కూడ.

కాలము, జాగ్రత్తలు

చలికాలము ఈ పనికి అనుకూలము. మండు వేసవిలోను, ముసురు వానలలోను చేయింపరాదు. జ్వరముతోనున్న దూడకు, గాలికుంటు వంటి వ్యాధి ఊరిలో నున్నప్పుడు, చేయింపరాదు. ఏరువాకకు కాడి కట్టదలచిన కోడెకు కనీసము రెండు మూడు నెలల ముందుగానే చేయించి, కోలుకొన్న పిమ్మట పని నేర్పవలెను. ధనుర్వాతపు సూదిని గూర్చియు, నొప్పి తగ్గించు మందును గూర్చియు వైద్యుని అడుగవలెను.

పని జరిగిన పిమ్మట తిత్తి వాచుట సహజము. కొలది దినములలో వాపు తగ్గుముఖము పట్టవలెను. వాపు పెరుగుచున్నను, దుర్వాసన వచ్చినను, దూడ మేత మానినను వెంటనే వైద్యునికి చూపవలెను. సంచార పశువైద్య వాహనమును పిలుచుటకు 1962 అను ఫోను సంఖ్య కలదు.

రెండు విషయములను రైతులు తరచుగా మరచిపోవుదురు. విత్తులు నొక్కించిన దినము నుండియే కోడె ఎద్దు కాదు. నాళములలో మిగిలియున్న వీర్యము వలన మరికొన్ని వారములు ఆవు చూలు కట్టవచ్చును. కావున ఆరు వారముల వరకు దానిని ఆవులతో కలుపరాదు. ఆరు వారములు గడచిన పిమ్మట వృషణములు రెండును కుంచించుకొనిపోయినవో లేదో వైద్యునిచే పరీక్ష చేయింపవలెను. ఒకటి మిగిలిపోయిన కోడె చూచుటకు ఎద్దువలె నుండి, ఆబోతు పని చేయును.

పంచాయతీ చేయదగిన పనులు

ఆబోతును గూర్చి ఊరు ఉమ్మడిగా ఆలోచించుట మనకు క్రొత్త కాదు. పితరుల పేరిట అచ్చువేసి ఆబోతును విడుచు ఆచారము మన పల్లెలలో చిరకాలము నుండి యున్నది. ఒంగోలు సీమలో ఆ కోడెను పెద్దలు లక్షణములు చూచి ఎన్నుకొని, మేలైన దానినే విడిచెడివారు. ఊరంతయు దానికి మేత పెట్టెడిది. అయినను నేడు "అచ్చోసిన ఆంబోతు" అను మాట తిట్టుగా మిగిలినది. ప్రభుత్వము కూడ ఈ విషయమును చాలకాలము క్రిందటనే గుర్తించినది. ఆంధ్ర జిల్లాలు మద్రాసు రాష్ట్రములో నున్న కాలముననే, 1940లో, ఆబోతులపై అదుపునకు పశుసంపద అభివృద్ధి చట్టము చేయబడినది. చట్టము ఎంతటిదైనను ఊరి సమ్మతి లేనిదే అమలు జరుగుట కష్టము.

అందుచేత పంచాయతీలు ఈ క్రింది పనులను చేపట్టవచ్చును. ఒకటి, గ్రామసభలో ఈ విషయమును చర్చించి, సంవత్సరము నిండులోపల ప్రతి కోడెను గూర్చి నిర్ణయము జరుగవలెనని తీర్మానించుట. రెండు, దూడల పుస్తకమును ఉంచుట. మూడు, చలికాలమున ఒక దినము నిర్ణయించి, పశువైద్యుని పిలిపించి, శిబిరము ఏర్పాటు చేయుట. పశువును నిలిపి కట్టుటకు గట్టి త్రెవిసు కొయ్యలు, నీడ, నీరు సమకూర్చుట. నాలుగు, రెండు సంవత్సరముల వరకు కాడికోడెను ఆపదలచిన రైతు దానిని మందలో తోలనని ఒప్పుకొనునట్లు చూచుట. ఐదు, ఊరికి మేలైన ఆబోతు గాని, సూది వేయు సదుపాయము గాని నిలకడగా ఉండునట్లు చూచుట. ఈ ఐదవది లేకుండ మొదటి నాలుగు పనులు చేసినచో ఊరి ఆవులు వట్టిపోవును. రైతులు పంచాయతీని నిందింతురు. ఆ నింద న్యాయమైనదే.

పేదరైతు విషయమును సభ్యులు ప్రత్యేకముగా గమనింపవలెను. కట్టుకొయ్యకు కట్టి మేపుటకు గడ్డి లేనివాడే దూడను మందకు తోలును. ఊరి మేలుకొరకు తన కోడె మెడపుష్టిని కొంత వదలుకొనవలసినవాడు అతడే. ఉమ్మడి బీడు నుండి కాడికోడెలకు వేరుగా కొంత మేతభూమిని చూపించుటయో, కాపరిని ఏర్పరచుటయో పంచాయతీ చేయగలిగినచో ఆ భారము అతనిపై పడదు. అది కుదురనిచోట, శిబిరమునకు అతని దూడను ముందుగా తెప్పించి, మందు ఖర్చు అతనిపై వేయకుండుట కనీస ధర్మము.

దూడ తన వయస్సును తాను చెప్పలేదు. దాని నోటిలోని పళ్లు చెప్పు సంగతి, మనము వినవలసిన సమయమునకు వెనుకపడి వచ్చుచున్నది. కావున పుట్టిన తేదిని పుస్తకములో వ్రాసికొని, సంవత్సరము తిరుగులోపల దూడను గూర్చి రైతును, పశువైద్యుని, పంచాయతీని ఒకచోట కూర్చుండబెట్టి ఆలోచించుట సభ్యుల కర్తవ్యము. ఈ చలికాలము రాకముందే మీ ఊరిలో పాలపళ్ల కోడెలు ఎన్ని యున్నవో లెక్కించి చూడుడు. నాలుగేండ్ల పిమ్మట మీ ఊరి పాలచెంబులో కనిపించు ఫలితము ఆ లెక్కతోనే మొదలగును.